చేతులు కట్టుకోని బడి

"చేతులు కట్టుకోండి!"

బడికి వెళ్ళిన ప్రతి తెలుగువాడి చెవినా యీ మాట ఏదో వొకనాడు పడే వుంటుంది. పంతులుగారు గదిలో అడుగు పెట్టగానే నలభైమంది పిల్లల ఎనభై చేతులూ టక్కున ముడుచుకుపోవాలి. కట్టుకున్నవాడు బుద్ధిమంతుడు, విప్పినవాడు అల్లరివాడు. మనమంతా ఆ లెక్క ప్రకారమే పెద్దవాళ్ళమయ్యాం.

కాని పిల్లవాడు బడికి రాకముందు అయిదేళ్ళపాటు నేర్చుకున్నదంతా ఎవరి దగ్గర? నిప్పు కాలుతుందని, మట్టి తడిస్తే ముద్దవుతుందని, నిండు చెంబు బరువని, పిల్లి తోక లాగితే గీరుతుందని వాడికి చెప్పినవి వాడి చేతులే. సరిగ్గా చదువు మొదలయ్యే రోజున ఆ గురువులిద్దరినీ కట్టేసి కూర్చోబెట్టడం విడ్డూరమే గదా!

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు కట్టుకుని పన్నెండేళ్ళు దాటి వుంటుంది. ఛందస్సు పాఠంలో గురులఘువుల నిర్వచనం అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. "నీ పేరులో గురువులెన్నోయ్, లఘువులెన్ని?" అంటే మాత్రం కప్పు వంక చూస్తారు. అప్పుడు బల్లమీద దరువు వేయిస్తాను. లఘువుకు వొక దెబ్బంత కాలం, గురువుకు రెండు దెబ్బలంత కాలం. నాలుగు పేర్లకు దరువు వేసేసరికి వెనక బెంచీ నుంచి కూడా "ఓహో, ఇంతేనా సార్!" అని వినిపిస్తుంది. ఆ "ఓహో" కోసం డిగ్రీదాకా రావాలా? మొదటి తరగతిలోనే వినపడే బడులు మన చుట్టుపక్కల కొన్ని వున్నాయని మిత్రులు చెప్పారు. మార్చి నెలలో, ప్రాథమిక పాఠశాలలకు వొంటిపూట బడులు మొదలయ్యాక, చూసివద్దామని బయలుదేరాను.

నేను ఎంచుకున్నవి మూడు జిల్లాలు - జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు యీ మూడూ వేరు కాపురాలు పెట్టాయిగాని, అంతకుముందు చాలావరకు పాత వరంగల్లు జిల్లా వొక్క చూరు కింద వున్నవే. వొకటి ఇత్తడి రేకు మీద పువ్వులు పూయించే సీమ, వొకటి తండాల సీమ, వొకటి బొగ్గుగనుల సీమ. బడి పాఠం అన్నిచోట్లా వొకటే. ఆ పాఠాన్ని అందుకునే చేతులే వేరు.

హైదరాబాదు నుంచి ఖాజీపేట వైపు వెళ్ళే రైలెక్కితే సుమారు 85 కిలోమీటర్లకు జనగామ వస్తుంది. తెలుగు చదువుకున్నవాడికి యీ నేలమీద కాలు పెడితే మనసు వూరుకోదు. పాలకుర్తి సోమనాథుడి పాలకుర్తీ, పోతన పేరుతో ముడిపడిన బమ్మెరా యీ జిల్లాలోనివే. పోతన నాగలి పట్టి సేద్యం చేసుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటారు. మేడి పట్టిన చేయీ, ఘంటం పట్టిన చేయీ వొకటే కావచ్చునన్న నమ్మకం ఇక్కడివాళ్ళకు కొత్తది కాదు.

నేను చూసిన మొదటి బడి పెంబర్తికి అట్టే దూరంలో లేదు. పేరు చెప్పను; చెబితే మరునాటినుంచి చూడవచ్చేవాళ్ళ తాకిడికి పాఠాలు సాగవు. రెండు గదులు, వొక వేపచెట్టు. ఉపాధ్యాయుడు నాలుగో తరగతి పిల్లలకు తలా వొక గుండ్రటి కాగితం ఇచ్చాడు. పిల్లలే అన్నం పళ్ళెం బోర్లించి గీసి కత్తిరించుకున్నవి అవి. "దీని నడిమధ్యన చుక్క పెట్టండి" అన్నాడు. అంతే, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

పిల్లలు కళ్ళు చికిలించి అంచనాగా చుక్కలు పెట్టారు. ఏ రెండు చుక్కలూ వొక్కచోట లేవు. వొకడు స్కేలు తెచ్చి అటూ ఇటూ కొలిచాడు. ఇంకొక కుర్రవాడు మాత్రం చుక్క పెట్టనేలేదు. కాగితాన్ని అంచుకు అంచు కలిపి సగానికి మడిచాడు, మళ్ళీ మడిచాడు, విప్పి, రెండు గీతలూ కలిసినచోట గోటితో నొక్కాడు. "గిదే నడుమ, సారూ!" అన్నాడు. పక్కవాళ్ళంతా వాడి చుట్టూ మూగారు. ఉపాధ్యాయుడు అప్పుడు వచ్చి, "ఇంకోసారి మడువు" అన్నాడు. విప్పితే ఎనిమిది రేకులు. సగం, పావు, అరపావు. ఆ తరువాతగాని ఆయన సుద్దముక్క పట్టుకుని నల్లబల్లమీద 1/2, 1/4, 1/8 అని రాయలేదు.

"1/4 పెద్దదా, 1/8 పెద్దదా?" అని అడిగాడు.

యీ ప్రశ్న ఏ బడిలో అడిగినా చాలామంది పిల్లలు ఎనిమిదే పెద్దదంటారు. నాలుగుకన్న ఎనిమిది పెద్దది గదా మరి! ఇక్కడ వొక్క గొంతూ తప్పలేదు. చేతిలో రేకు వుంది. అరపావు ఎంతో కంటికి కనబడుతూనే వుంది.

మడత సంగతి వాడికెలా తెలుసునని విచారిస్తే, వాడి తండ్రి పెంబర్తిలో ఇత్తడి పనివాడని తేలింది. సాయంత్రం ఆ పనిశాలకు వెళ్ళాను. పెంబర్తి పనితనానికి కాకతీయుల కాలంనాటి పేరు వుంది. నిజాముల ఏలుబడిలో పాన్‌దానులూ, అత్తరుదానులూ చేసిపెట్టారు. ఇప్పుడు గుళ్ళకు తొడుగులు, జ్ఞాపికలు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నారు. యీ లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రేకును కాల్చి మెత్తబరుస్తారు. కదలకుండా లక్క దిమ్మమీద అతికిస్తారు. పైన బొమ్మ గీసుకుని, సన్నని ఉలులతో, చిన్న సుత్తెతో వెనకనుంచీ ముందునుంచీ కొడుతూ పువ్వును పైకి లేపుతారు. గుండ్రటి పళ్ళెంమీద ఎనిమిది రేకుల తామర కావాలంటే మొదట పళ్ళేన్ని ఎనిమిది పాళ్ళు చేయాలి. కుర్రవాడు ఇంట్లో రోజూ చూస్తున్నది అదే. బడిలో భిన్నాలంటారని మాత్రం వాడికి మొన్నటిదాకా తెలియదు.

మీ అబ్బాయి ఇవాళ తరగతికంతటికీ దారి చూపించాడని తండ్రితో సంతోషంగా చెప్పాను. ఆయన సుత్తె కింద పెట్టాడు.

"సారూ, మా తాత యీ పనే చేసిండు, మా బాపు చేసిండు, నేను చేస్తున్న. యీ దెబ్బల మోతకు చెవులు సగం పోయినయి. పొద్దంత వంగి కూసుంటె నడుము లేవది. పోరడు యీ పనికి రావద్దనే గద బడికి తోలుతున్న! ఆడ గూడ కాయితాలు మడుచుడు, కత్తిరించుడేనా? నాలుగు ఇంగిలీషు ముక్కలు చెప్పరాదుండ్రి!"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. మూడు జిల్లాలూ తిరిగింతసేపూ ఆ ప్రశ్న నా సంచీలోనే ప్రయాణం చేసింది.

మానుకోట వెళ్ళే రైల్లో కూర్చుని ఆలోచిస్తే, అది ఆ వొక్క తండ్రి ప్రశ్న కాదనిపించింది. 1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యాసభ జరిపి నయీ తాలీం మాట ఎత్తినప్పుడు దేశమంతా అడిగిన ప్రశ్న అదే. హైదరాబాదులో పుట్టి, తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన వొక సంఘం ప్రణాళిక తయారుచేసింది. ఏడేళ్ళ ఉచిత విద్య, మాతృభాషలో బోధన, వొక చేతివృత్తి చుట్టూ అన్ని పాఠాలూ. రాట్నం తిప్పుతూ లెక్కలు, పత్తి గింజనుంచి ప్రకృతిశాస్త్రం, బట్ట బేరంనుంచి భూగోళం. ఊహ గొప్పది. అయితే పిల్లలు చేసిన సరుకు అమ్మితే బడిఖర్చు కొంత గడుస్తుందన్న మాట కూడా దానికి తోడైంది. దాంతో జనానికి అనుమానం వచ్చింది. ఉన్నవాళ్ళ పిల్లలకు పుస్తకమూ, లేనివాళ్ళ పిల్లలకు రాట్నమూనా అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ పాఠశాలలు చాలాచోట్ల వెలిశాయి. క్రమంగా పేరు మిగిలి పని సన్నగిల్లింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ దాన్నే "పని అనుభవం" అన్నది. పేరు మారిందిగాని, తండ్రుల భయం తీరలేదు.

చేతితో చదువుకోవడం గాంధీజీతో మొదలైందీ కాదు. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలు పెట్టి ఓనమాలు దిద్దేవారు. 1789 ప్రాంతంలో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకుంటున్న ఆండ్రూ బెల్ అనే దొర, వొక బడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి ముచ్చటపడి తన బడిలోనూ పెట్టాడు. 1797లో లండనులో దాన్నిగురించి పుస్తకం వేస్తే అక్కడి పేదల బడుల్లోకి ఇసుకపళ్ళేలు వెళ్ళాయి. 1907లో రోము నగరంలో పేదవాడలో పిల్లలబడి తెరిచిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లల వేళ్ళతో తడిమించింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం రోజులన్నీ మనదేశంలోనే వుండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. వేలితో అక్షరం తెలుసుకోవడమన్న ఆలోచన మన ఇంటి గడపకు రెండుసార్లు వచ్చిందన్నమాట.

ఇంత తలపోసేసరికి కేసముద్రం దాటింది. మహబూబాబాదును చుట్టుపక్కలవాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే పిలుస్తారు. స్టేషను బయట మిరప బస్తాల ఘాటు ముక్కుకు తగిలితే ఎండాకాలం వచ్చిందని గుర్తు. జిల్లా నిండా లంబాడీ తండాలు. ఇళ్ళలో మాట్లాడేది గోర్ బోలి. దానికి సొంత లిపి లేదు. తండానుంచి మొదటి తరగతిలోకి వచ్చిన పిల్లకు తల్లి "యాడి", నీళ్ళు "పాణి". పుస్తకంలో వుండే అమ్మ పక్కింటావిడ లాంటిది. పరిచయం కావడానికి వ్యవధి పడుతుంది. 2004 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వేసి కొన్ని బడుల్లో ప్రయత్నం చేసింది. వాటిలో బంజారా భాష వొకటి.

నేను వెళ్ళిన తండా బడిలో ఆ వాచకాలు లేవుగాని, వాటి బుద్ధి వుంది. వొక్కరే ఉపాధ్యాయిని, అయిదు తరగతులు. ఆవిడది ఆ ప్రాంతం కాదు. ఉద్యోగానికి వచ్చిన ఏడాదిలోనే పిల్లలదగ్గర వాళ్ళ మాటలు నేర్చుకుందట. గోడమీద వొక అట్ట. ఎడమవైపు పిల్లల మాట, కుడివైపు తెలుగు మాట, నడుమ పిల్లలు వేసిన బొమ్మ.

చిన్నవాళ్ళను వరండాలో కూర్చోబెట్టింది. ముందు వొక బకెట్టు నీళ్ళు, వొక పొడుగాటి సీసా, వొక వెడల్పాటి గిన్నె, వొక గ్లాసు. సీసాలో నాలుగు గ్లాసులు పోయించింది. గిన్నెలో నాలుగు గ్లాసులు పోయించింది. "ఎందులో ఎక్కువున్నయి?" అంది. పిల్లలందరూ సీసావైపే వేలు చూపారు. నీళ్ళు పోసింది తామే, లెక్క పెట్టింది తామే. అయినా సీసాలో నీళ్ళు ఎత్తుగా కనబడుతున్నాయి గదా! స్విట్జర్లండు మనస్తత్త్వవేత్త జీన్ పియాజే పిల్లల్ని పరీక్షించి చెప్పిందీ ఇదే: ఏడేళ్ళు వచ్చేవరకు చాలామంది పిల్లలు ఎత్తును చూసి మోసపోతారు. పెద్దవాళ్ళు "రెండూ సమానమే" అని చెప్పి లాభంలేదు. పిల్లలు అప్పజెబుతారు, నమ్మరు.

వొక పిల్ల మాత్రం అడ్డంగా తల ఆడించింది. ఆరేడేళ్ళుంటాయి. ఏమీ మాట్లాడకుండా గిన్నెలో నీళ్ళు గ్లాసుతో తోడి కొలిచింది. సీసాలోవి వొంచి కొలిచింది. నాలుగూ, నాలుగూ. వేళ్ళు చూపించి తన భాషలో ఏదో అన్నది. ఆ పిల్ల రోజూ పొద్దున తల్లితో కలిసి బోరింగు దగ్గర బిందెలూ, డబ్బాలూ నింపుతుందని ఉపాధ్యాయిని చెప్పింది. తెలుగులో నోరు విప్పడానికి జంకే పిల్ల, నీళ్ళ దగ్గర తరగతికే పెద్దదయిపోయింది. ఆ వెంటనే ఆవిడ "సమానం" అన్న మాట చెప్పింది. పిల్లలు దాన్ని నోట్లో నాలుగుసార్లు తిప్పుకున్నారు. ముందు చేయి, తరువాత మాట, ఆ తరువాత రాత. ఆవిడ పద్ధతి అంతా ఆ వరుసలోనే వుంది.

అవతల చెట్టుకింద రెండో తరగతి పిల్లలు పుల్లలు పెట్టుకుని కూర్చున్నారు. పది పుల్లలకు వొక కట్ట, కట్టకు వొక రబ్బరు బ్యాండు. 52లోంచి 27 తీయాలి. అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు. రెండింటిలోంచి ఏడు ఎలా తీస్తారు? నా చిన్ననాట "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అనేవారు. ఎవరి అప్పు, ఎందుకిస్తారు, ఎప్పుడు తీర్చాలి అన్నది నాకు అయిదో తరగతిదాకా తేలలేదు! ఇక్కడ అప్పూ లేదు, వడ్డీ లేదు. వొక కట్ట విప్పారు, పన్నెండు విడిపుల్లలయ్యాయి, ఏడు తీశారు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీశారు. ఇరవై అయిదు. వాళ్ళు లెక్క చేస్తుంటే ఉపాధ్యాయిని వరండాలోనే వుంది. అయిదు తరగతుల్ని వొక్కతే ఎలా నెట్టుకొస్తోందో అప్పుడు బోధపడింది. పిల్లల చేతికి పని వుంటే పంతులమ్మకు కాస్త తీరిక చిక్కుతుంది.

ఇదంతా ఆవిడ సొంత కల్పన అనుకోకండి. 1984లో బ్రిటిషు ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. దాని సూత్రాలు ఆరు. ఉపాధ్యాయుడు సొంతంగా కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, వెదికి, పరీక్షించి నేర్చుకోవాలి. వొంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లవాడికీ పిల్లవాడికీ వుండే తేడా గుర్తించాలి. చుట్టుపక్కల దొరికేవాటిని వాడుకోవాలి. పిల్లల పనిని గోడలమీద ప్రదర్శించాలి. తరువాత 1996లో రాష్ట్రంలో డి.పి.ఇ.పి. వచ్చినప్పుడు మొదట ఎంచుకున్న అయిదు జిల్లాల్లో వరంగల్లు, కరీంనగరు వున్నాయి. బోధన సామగ్రికోసం ఉపాధ్యాయుడికి ఏడాదికి 500 రూపాయలిచ్చేవారు. యాభై దాటిన ఉపాధ్యాయులు ఆ రోజులు ఇప్పటికీ తలుచుకుంటారు. 2022 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన "తొలిమెట్టు"కూ, 2023లో కేంద్రం చిన్నపిల్లలకోసం తెచ్చిన "జాదూయీ పిటారా" ఆటసామాను పెట్టెకూ మూలం యీ ఆలోచనే.

అయితే సూత్రం గోడమీద వున్నంత మాత్రాన బడిలోకి దిగుతుందన్న పూచీ లేదు. దారిలో మరొకచోట, పేరు అనవసరం, వొక గాజు బీరువా చూశాను. లోపల థర్మోకోలు గుడిసెలు, రంగుల అట్టల చక్రాలు, తళతళలాడే సంఖ్యల రైలుబండి. మేళాలో బహుమతి కూడా వచ్చిందట. బీరువాకు తాళం. "పిల్లలు పాడుచేస్తారండీ" అన్నారు. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. ఉపాధ్యాయుడు రాత్రుళ్ళు మేలుకుని కష్టపడి చేసిన వస్తువులవి. ఆయన చేతులు బాగానే నేర్చుకున్నాయి. పిల్లల చేతులు మాత్రం ఎప్పటిలాగే కట్టుకుని వున్నాయి. విరిగిపోతే విచారం లేని పుల్లా, చింతగింజా, అన్నం పళ్ళెమూ ఆ రైలుబండికన్న మేలు.

భూపాలపల్లికి రైలు లేదు. వెనక్కి వరంగల్లు వచ్చి, హనుమకొండలో బస్సెక్కి, పరకాల, రేగొండ మీదుగా వెళ్ళాలి. దూరాన చెల్పూరు విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనబడితే వూరు దగ్గరపడ్డట్టే. దారి పొడుగునా బొగ్గు లారీలు. రోడ్డు అంచులు నల్లటి కాటుక పెట్టినట్టుంటాయి. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాక గోదావరి లోయ చరిత్రే మారింది. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ స్థిరపడింది. భూపాలపల్లిలోని గనులకు కాకతీయుల పేరు పెట్టారు.

అక్కడి బడిలో అయిదో తరగతి. చాలామంది గని కార్మికుల పిల్లలు. అడవి పల్లెలనుంచి వచ్చి చుట్టాలింట్లో వుండి చదువుకునేవాళ్ళు వొకరిద్దరు. ఉపాధ్యాయుడు నెరిసిన జుట్టువాడు. బల్లమీద నీళ్ళ తొట్టి పెట్టి, సంచీలోంచి వొక్కొక్కటీ తీశాడు: రాయి, మేకు, సీసా మూత, తుమ్మకర్ర ముక్క, కట్టెబొగ్గు, గనిబొగ్గు. పిల్లల నోటుపుస్తకాల్లో రెండు గళ్ళు. వొకదానిమీద "అనుకున్నది", రెండోదానిమీద "అయినది". మొదటి గడి నింపనిదే వస్తువును నీళ్ళలో వేయనివ్వడు. "అనుకోకుండా వేస్తే అది స్నానం, అనుకుని వేస్తే పాఠం" అన్నాడు నాతో నవ్వుతూ.

రాయి మునిగింది, మూత తేలింది. కట్టెబొగ్గు తేలింది. గనిబొగ్గు తేలుతుందనే ఎక్కువమంది రాసుకున్నారు. వేయగానే బుడుంగున మునిగింది. గది గొల్లుమంది.

"రెండూ బొగ్గే గద సారూ! గిదెందుకు మునిగింది?" అని వొక అమ్మాయి లేచింది.

ఆయన చెప్పలేదు! నాకే నోటిదాకా వచ్చింది. ఆయన కనుసైగతో ఆపాడు. రెండు ముక్కలూ ఆ అమ్మాయి చేతుల్లో పెట్టాడు. వొకే పరిమాణం, వొకటి దూది, వొకటి రాయి. కట్టెబొగ్గును నీళ్ళలో అదిమి పట్టుకోమన్నాడు. సన్నని బుడగలు వరసగా పైకి వచ్చాయి. "లోపల గాలున్నది!" అని నలుగురు వొకేసారి అరిచారు. నిన్నటినుంచి నానేసి వుంచిన మరొక ముక్క తీసి వేస్తే, అది కొత్తదానికన్న బాగా కిందికి కుంగింది. గాలి పోయినచోట నీళ్ళు చేరాయి. చెట్టు కాలితే గాలిగదులు మిగిలాయి. చెట్టు కోట్ల ఏళ్ళు నేలకింద నలిగితే గదులన్నీ మూసుకుపోయాయి. గోదావరి లోయ బొగ్గు వయస్సు సుమారు పాతిక కోట్ల సంవత్సరాలు. యీ సంగతి ఆయన అన్నిటికన్న చివర చెప్పాడు. అప్పటికి పిల్లలు దాన్ని వినడానికి ఆకలిగా వున్నారు.

వెనక వరసలో వొక పిల్లవాడు లేచి, "మా నాయిన గనిల దిగుతడు. గాలి పంపెతందుకు పెద్ద ఫంకలుంటయట" అన్నాడు. పాఠం బొగ్గులోని గాలినుంచి గనిలోని గాలికి వెళ్ళింది. ఇంకొకరు రామప్ప గుడి ఇటుక ఎత్తారు. 1213 నాటి ఆ గుడి శిఖరానికి వాడిన తేలిక ఇటుక నీళ్ళలో తేలుతుందన్న సంగతి ఇక్కడి పిల్లలకు కథగా తెలుసు. 2019లో ములుగు వేరు జిల్లా అయ్యేవరకు రామప్ప భూపాలపల్లి జిల్లాలోనే వుండేది. "మరి గా ఇటుకల గూడ గాలున్నదా సారూ?" అని ప్రశ్న. కథ శాస్త్రమవుతుంటే నా కళ్ళెదుటే చూశాను. యునెస్కోవారు 2021లో రామప్పను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ పిల్లలు ఆ గుడి ఇటుకలోపలికి తొంగిచూశారు.

తిరుగు దారిలో రేగొండ ప్రాంతంలో పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి చరియల కింద ఆదిమానవులు రంగులతో గీసిన బొమ్మలు - జింకలు, పులి, విల్లంబులు, గుండ్రాలు, చతురస్రాలు. అక్షరం పుట్టకముందే మనిషి చేయి తనకు తెలిసింది గోడకెక్కించింది. అక్కడ నీడలో కూర్చున్నప్పుడు పెంబర్తి తండ్రికి చెప్పవలసిన జవాబు నాకు దొరికింది. ఉత్తరం రాస్తే కుర్రవాడు చదివి వినిపిస్తాడని రాసి పంపాను. సారాంశం ఇది:

"అన్నా, నీ భయం న్యాయమైనది. చేతిపని నేర్పడానికే బడి అయితే నీ కొడుకు అక్కడికి వెళ్ళనక్కరలేదు. నీకన్న మంచి గురువు అక్కడ లేడు. నీ దగ్గర మడత పళ్ళెంకోసం. పళ్ళెం అమ్ముడు పోవాలి. బడిలో మడత ప్రశ్నకోసం. ఆ కాగితం చిత్తుబుట్టలో వేసినా నష్టం లేదు. అరపావు పావుకన్న చిన్నదన్న ఎరుక మాత్రం జన్మంతా వుంటుంది. ఇంజనీరు కానీ, డాక్టరు కానీ, నీ పని కానీ, ఆ ఎరుక లేకుండా ఏదీ సాగదు. ఇంగ్లీషు తప్పక నేర్పమను. ఆ అడగడం నీ హక్కు. అయితే అర్థంకాని లెక్క ఇంగ్లీషులో చెప్పినా అర్థంకాదు. ఇంకొక మాట. నీ చేతికి తెలిసింది చదువేనని ఆనాడు తరగతి అంతా చూసింది. నీ కొడుకూ చూశాడు."

జవాబు పది రోజులకు వచ్చింది. రాత కుర్రవాడిది, మాట తండ్రిది. ఇంగ్లీషు సంగతి పంతులుగారిని గట్టిగా అడిగాడట. ఆ తరువాత పంతులుగారు వొక శనివారం పిల్లల్నందరినీ పనిశాలకు తీసుకువచ్చారట. "పన్నెండు రేకులెట్ల చేస్తవే అని పోరగాండ్లు అడిగిండ్రు సారూ. చూపెట్టిన. కొడుకును యీ పనిల వెట్టుడు మాత్రం వెట్ట" అని ముగించాడు. పెట్టనక్కరలేదు. ఆయన పట్టుదల ఆయనది. పన్నెండు రేకుల లెక్క మాత్రం పిల్లలందరిదీ అయింది.

పాఠక మహాశయులకు వొక చిన్న విన్నపం. సాయంత్రం మీ ఇంటి పిల్లలు బడినుంచి రాగానే "ఇవాళ ఏం చెప్పారు?" అని అడుగుతాం గదా. వొక్కరోజు ఆ ప్రశ్న పక్కన పెట్టి, "ఇవాళ నీ చేత్తో ఏం చేశావు?" అని అడిగి చూడండి. జవాబు రాకపోతే పిల్లల్ని కోప్పడకండి. నెమ్మదిగా బడిదాకా నడిచి వెళ్ళి, పంతులుగారితో రెండు మాటలు మాట్లాడి రండి; వెళ్ళేటప్పుడు చేతిలో వొక పది పుల్లలు పట్టుకువెళ్ళండి.